చెత్త ఎత్తే చేతుల హక్కు



నేను పర్యావరణ ఇంజనీరును. చెత్త, మురుగునీరు నా వృత్తి. 2014లో మన చల్లపల్లిలో డాక్టర్లు, ఊరివాళ్లు తెల్లవారుజామునే చీపుళ్లు పట్టి 'స్వచ్ఛ చల్లపల్లి' మొదలుపెట్టారు. ఇష్టంతో చేసిన ఆ శ్రమను అందరం గౌరవించాం. మరి అదే పని కూలికి చేసే స్త్రీ మాటేమిటి?

తడి, పొడి చెత్త కలిస్తే కుళ్లి, ఊరిన మురుగు కాలువలో చేరుతుంది. డెల్టాలో ఆ కాలువ నీళ్లే తాగునీటి చెరువులు నింపుతాయి. మన నీటిని కాపాడేది చెత్త వేరుచేసే ఆమె చేతులే. కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు, మాస్కులు ఇచ్చి తీరాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు పట్టణాల స్థానిక సంస్థలకు చెప్పాయి. పల్లెలో ఎత్తే చేతులకు అవి అక్కర్లేదా? యంత్రాలకు అంచనాలు వేసే మేము ఆ తొడుగులకూ పద్దు రాయాలి. మీరు గ్రామసభలో అడగాలి.