పదవి ఎవరి దయ?

ప్రభుత్వోద్యోగము యోగ్యతకు దక్కవలెనా, పార్టీభక్తికి దక్కవలెనా? ఈ ప్రశ్నకు అమెరికాలో 1883 నాటి పెండిల్టన్ చట్టము పరీక్ష అను సమాధానము చెప్పెను. కాని ఊరూర పోస్టుమాస్టరు పదవులు పెక్కు గెలిచిన పార్టీ చేతిలోనే ఉండెను. వానికి పేర్లు సూచించుట కాంగ్రెసు సభ్యుల పరిపాటి.

1913లో అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ అభ్యుదయవాదులకే పదవులీయదలచెను. సభ్యుల కోరిక త్రోసివేసినచో వారి ఓట్లు దక్కవని పోస్టుమాస్టరు జనరల్ ఆల్బర్ట్ బర్లసన్ వాదించెను. విల్సన్ లొంగెను. ఆ సంవత్సరమే సుంకముల తగ్గింపు చట్టము, ఫెడరల్ రిజర్వు చట్టము నెగ్గెను.

లాభసాటి బేరమే కదాయని మనకు తోచవచ్చును. కాని దయవలన వచ్చిన పదవికి దయయే ఆధారము. మిసిసిపీలోని ఇండియనోలాలో మిన్నీ కాక్స్ అను నల్లజాతి మహిళ పోస్టుమాస్టరుగా ఉండెను. 1902లో తెల్లవారు కొందరు ఆమెను రాజీనామాకు నిర్బంధించిరి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ దానిని అంగీకరింపక, 1903 జనవరిలో ఆ తపాలా కచేరీనే మూయించెను. ఆమె జీతము మాత్రము ఆపలేదు. అయినను ఆమె ఊరు విడువక తప్పలేదు.

మరి పరీక్షయే రక్షయా? 1914 నుండి అభ్యర్థులు దరఖాస్తుతో తమ ఛాయాచిత్రమును జతపరుపవలసివచ్చెను. మొదటి ముగ్గురిలో ఒకరిని ఎన్నుకొను హక్కు అధికారిది. మార్కులు యోగ్యతను తెలుపును; ఛాయాచిత్రము వర్ణమును తెలుపును. నియామకపు పద్ధతిని విచారించునపుడు మనము ప్రశ్నపత్రమును మాత్రమే చూచిన చాలదు. ఎన్నుకొనువాని బల్లపై ఇంకేమున్నదో కూడ చూడవలెను.