స్పోర్ట్స్ కారు కంఠస్వరము

ధ్వనియే వృత్తిగా గల మాకు ప్రతిదినము అనుభవమునకు వచ్చు సంగతి ఒకటి కలదు. చెవికి ఇంపైన నాదమునకును, చెవిని వేధించు చప్పుడునకును నడుమనున్న గోడ మిక్కిలి పలుచనిది. కచేరీలో ముందువరుసను కూర్చున్నవాడు డబ్బిచ్చి వినును. పొరుగింటివాడు అడుగకయే వినవలసివచ్చును. స్పోర్ట్స్ కారు కొనదలచి, దానికి స్పోర్ట్ ఎగ్జాస్టు కూడ అమర్చవలెనని ఇంటిలోని యువకుడు ముచ్చటపడునపుడు పెద్దలు ముందుగా తలపోయవలసినది ఈ పొరుగువానిని గూర్చియే.

హైదరాబాదు నుండి బీజాపూరు పోవు బాట మొయినాబాదు, చేవెళ్లల మీదుగా సాగును. ఈ బాటవెంట తొమ్మిది వందలకు పైబడిన మర్రిచెట్లు లెక్కకు వచ్చినవి. రోడ్డు విస్తరణ సందర్భమున వాటి రక్షణను గూర్చిన వివాదము జాతీయ హరిత ట్రిబ్యునలు వరకు పోయినది. 1908 నాటి మూసీ వరదల తరువాత నిర్మింపబడి, 1920లో ముగిసిన ఉస్మాన్‌సాగరు, 1927లో ముగిసిన హిమాయత్‌సాగరు ఈ ప్రాంతమునకు చేరువనే ఉన్నవి. నగరమునుండి వెలుపలి వలయ రహదారి దాటి సెలవు దినములలో కార్లు ఇటు వచ్చుట సహజము. చిలుకూరు బాలాజీ సన్నిధిలో నూటెనిమిది ప్రదక్షిణములు చేయువారును, తోటలలో విశ్రాంతి గోరువారును, కేవలము బండి నడుపుటలోని ఆనందమునకై వచ్చువారును ఈ దారినే వత్తురు. దారి పక్కన కూరగాయలు, పూలు పండించు రైతులు కాపురముందురు. పూలు తెల్లవారకమునుపే గుడిమల్కాపూరు మార్కెట్టు చేరవలెను. కనుక వారి నిద్ర పెందలకడనే మొదలై పెందలకడనే ముగియును.

ఇక యంత్రము మాట. ఇంజను సిలిండరులో పెట్రోలు మండగా పుట్టిన వాయువు, కవాటము తెరచుకొనగానే ఒత్తిడితో వెలికి దూకును. ఈ దూకుడే చప్పుడునకు మూలము. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు సెకనుకు 100 మారులు ఈ దూకుడు జరుగును. ఎనిమిది సిలిండర్లయినచో 200 మారులు. ఒక్కొక్క కారునకు ఒక్కొక్క శ్రుతి కుదురుటకు ఇది ముఖ్య కారణము. సైలెన్సరులోని అరలు, రంధ్రముల గొట్టములు, మెత్తని పీచు ఈ తరంగములను మరల్చియు, పీల్చుకొనియు శాంతింపజేయును. స్పోర్ట్ ఎగ్జాస్టులో ఈ అడ్డంకులు తక్కువ. మేలైన రకములలో ఒక కవాటమును బటనుతో మూయవచ్చును, తెరువవచ్చును.

ఈ కవాటము కొత్తది కాదు. మోటారుల తొలికాలమున సైలెన్సరును దాటించి పొగను నేరుగా బయటికి వదలు ‘కటౌటు’ అనెడి పరికరముండెడిది. ఊరి వెలుపల దానిని తెరచి, ఊరిలో మూసెడివారు. మూయుట మరచినవారు పెచ్చుమీరగా విదేశములలో పెక్కు నగరములు దానిని నిషేధించినవి. నేటి బటను ఆ పాత పరికరమునకు మనుమడు. పాత పరీక్షయే దానికిని వర్తించును.

గొంతు పెద్దదైనచో బలము పెరుగునని పలువురి నమ్మకము. సైలెన్సరు ఒక్కటి మార్చినంతమాత్రమున సాధారణముగా పెరుగు శక్తి స్వల్పము. పెరుగునది ముఖ్యముగా అనుభూతియే. అనుభూతిని మేము తక్కువ చేయము. కాని దానికి వెల చెల్లించునది ఎవరో తెలిసి కొనవలెను. ఆరవ నిజాము ఆర్డరు చేయగా, ఆయన 1911లో గతించిన తరువాత ఏడవ నిజాము కొలువునకు చేరిన రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ కారు మన నగర చరిత్రలో ప్రసిద్ధము. దయ్యమువలె నిశ్శబ్దముగా కదలుటయే ఆ పేరులోని గొప్ప. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెములో పరుగెత్తిన విద్యుత్ కార్లకు ఎగ్జాస్టు గొట్టమే లేదు. వేగమునకు కేక అవసరము కాదని నగరము కన్నులార చూచినది.

అయినను కొనదలచువారు కొన్ని సంగతులు విచారింపవలెను. కారు తయారించిన కంపెనీయే ఆ నమూనాకు అనుమతి పొంది అమర్చిన ఎగ్జాస్టు అన్నిటికంటె క్షేమము. ఒక మారు ఎత్తైన గేరులో, నిమిషమునకు 1,500 మొదలు 2,500 చుట్ల వరకు, అరగంటసేపు సమవేగమున నడిపి చూడవలెను. దుకాణము ముందు రెండు నిమిషములు మురిపించిన గొంతు, దూర ప్రయాణమున తేనెటీగల తుట్టెవలె తలలో మోగుట కద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టము మన్నును. టైటానియము తేలిక, ధర మాత్రము బరువు. కొద్దిదూరములే తిరుగు బండిలో గొట్టము బాగుగా వేడెక్కక, లోపలి చెమ్మ నిలిచిపోయి తుప్పు పట్టును. గొట్టము నేలకు మరీ దగ్గరగా వ్రేలాడినచో పల్లెలలోని స్పీడు బ్రేకర్లు దానిని పలుకరింపక మానవు. విషవాయువులను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరును మాత్రము తీయించరాదు. అది తీసిన బండి చప్పుడుతోపాటు విషమును గూడ పంచిపెట్టును.

చట్టము సంగతి స్పష్టము. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 120వది ప్రతి వాహనమునకు చప్పుడు తగ్గించు సైలెన్సరు ఉండవలెనని విధించుచున్నది. 1988 నాటి మోటారు వాహన చట్టము, 190వ సెక్షను రెండవ భాగము ప్రకారము, ధ్వని ప్రమాణములను మీరినచో మొదటి తప్పునకు మూడు నెలల వరకు ఖైదు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును; మూడు నెలలు లైసెన్సు అర్హతయు పోవును. నగరములలో పోలీసులు పట్టుకొన్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యములు పలువురు చూచియుందురు.

చట్టముకంటె లెక్క ఇంకను సులభముగా బోధపడును. ఒక మీటరు దూరమున ఒక కారు 100 డెసిబెళ్లు పలికెననుకొందము. బయలులో దూరము రెట్టింపయినకొలది సుమారు ఆరు డెసిబెళ్లు తగ్గును. అనగా 64 మీటర్ల దూరమున ఇంకను 64 మిగులును. నివాస ప్రాంతములకు రాత్రి పది మొదలు ఉదయము ఆరు వరకు 2000 సంవత్సరపు నిబంధనలు విధించిన పరిమితి 45. ఆ పరిమితి సగటు లెక్క, క్షణమునకు సంబంధించినది కాదు. కాని నిద్రించు పసిబిడ్డ సగటు లెక్క చూచి మేలుకొనదు.

కనుక అట్టి కారు కలవారికి మా మనవి కొంచెమే. చల్లని ఇంజనును లేపినపుడు, కన్వర్టరును వేడిచేయుటకై అది వేగముగా తిరిగి ఎక్కువ బిగ్గరగా పలుకును. కావున తెల్లవారుజామున కవాటము మూసియే బయలుదేరుడు. మొయినాబాదు బజారు, చేవెళ్ల ఆసుపత్రి, ప్రతి బడి, ప్రతి పశువుల కొట్టము రాకమునుపే బటను నొక్కుడు. గొంతెత్తి పాడించు ముచ్చట మిగిలియున్నచో చెన్నై చెంతనున్న ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటవంటి చోట్లు కలవు. అక్కడి శ్రోతలు టిక్కెట్టు కొని వత్తురు. ఇక్కడి శ్రోత పగలెల్ల పూలు కోసి, రెండు గంటలకు లేవవలసిన రైతు. బటను నొక్కుటకు పట్టునది ఒక్క క్షణము. చెదరిన అతని నిద్ర ఆ రాత్రికి మరల రాదు.