అంగుళానికి ఆరడుగులు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో డి.ఏ. బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడుకోవడం అలవాటు. ఈసారి మాత్రం కార్యదర్శిగారు "రిటైరయిన తర్వాత కాలక్షేపం" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నా కాలక్షేపం చిన్న చిన్న విమానాలు కట్టడం. ఎగిరేవి కావు, బల్లమీద పెట్టుకొనే ప్లాస్టిక్ నమూనాలు. ఇదిగో, ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్. దీన్ని చూసి "ఈ వయసులో పిల్లలాటలేమిటి సార్" అని ఇప్పటికే ఇద్దరు మిత్రులు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

ముందుగా దీనికీ మన ఊరికీ ఉన్న సంబంధం మనవి చేస్తాను. బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాదు పేరు మోసిన దళాలు మూడుండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళంతో 110వ దళానికి బాంబులు వేసే విమానాలు సమకూరాయి. వాటిలో ఒకటి నేటికీ లండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది. రెండో యుద్ధంలో 152వ దళానికి "హైదరాబాద్" అనీ, 253వ దళానికి "హైదరాబాద్ స్టేట్" అనీ పేర్లు వచ్చాయి. 253వ దళం హరికేన్ విమానాలు నడిపింది. 152వ దళానిది స్పిట్‌ఫైర్. ఆ దళం చిహ్నంలో ఉన్నది మన నిజాం తలపాగా. దాని కింద "విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. అది బ్రిటిష్ వారు నిజాంకు ఇచ్చిన బిరుదే.

1940లో ఈ 152వ దళం ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్ అనే చోట ఉండి జర్మను విమానాలను ఎదుర్కొంది. ఆ పోరులో పలువురు యువ పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. తర్వాత ఉత్తర ఆఫ్రికా, సిసిలీల మీదుగా 1943 చివర మన దేశానికి వచ్చి, 1944-45లో బర్మా రంగంలో జపాను వారితో తలపడింది. అక్కడ దాని విమానాల మీద ఎగిరి దూకుతున్న నల్ల చిరుతపులి బొమ్మ ఉండేది. నేను కట్టింది ఆ బర్మా నాటి విమానాన్ని.

ఇక పని సంగతి. దీని కొలత 72కు ఒకటి. అంటే అసలు విమానంలో ఆరడుగులు ఇక్కడ ఒక్క అంగుళం. ఆరడుగుల మనిషి ఇందులో అంగుళం ఎత్తుంటాడు. స్పిట్‌ఫైర్ రెక్కల మామూలు వెడల్పు 36 అడుగుల 10 అంగుళాలు. ఇక్కడ ఆరంగుళాల పైచిలుకు, మన ఆఫీసు స్కేలులో సగం. ఈ కొలత వట్టి ఆటకోసమే కాదు. శత్రు విమానమేదో మన విమానమేదో సైనికులు గుర్తు పట్టడం నేర్చుకోవాలని, 1942లో అమెరికాలో బడిపిల్లల చేత ఇదే కొలతలో చెక్క నమూనాలు చేయించారు.

పెట్టెలో భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని ఉంటాయి. ఒక్కొక్కటే కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, జత కుదురుతుందో లేదో చూసుకొని అతికించాలి. చెక్కకు వాడే తెల్లజిగురు పనికిరాదు. దీని జిగురు ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. పైలట్ కూర్చొనే చోటి అద్దం మీద అది పడితే మసకబారిపోతుంది. రంగు ఒక్కసారే దట్టంగా వేయకూడదు, పలుచగా రెండు మూడు పూతలు వేయాలి. మన వయసు వాళ్లకు మరో రెండు మాటలు. రంగు పని కిటికీలు తీసి, వీలైతే వరండాలో చేయండి. షుగరున్నవారు బ్లేడుతో జాగ్రత్త.

అన్నిటికన్నా కష్టం, ఆధారం వెతకడం. 1940 నాటి స్పిట్‌ఫైర్‌కు ప్రొపెల్లర్ రెక్కలు మూడు, బర్మాలో ఎగిరిన ఎనిమిదో రకానికి నాలుగు. మొదటి రకానికి ఇంజను చల్లబరచే పెద్ద పెట్టె కుడి రెక్క కింద మాత్రమే ఉంటే, దీనికి రెండు వైపులా ఉంది. ఓచరు లేనిదే బిల్లు పాసు చేయని వాళ్లం మనం. అదే అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

రంగులు వేస్తుంటే మా మనవడు పక్కన కూర్చొని, "తాతా, గుండ్రటి గుర్తు మధ్యలో ఎర్ర చుక్క మరచిపోయావు" అన్నాడు. మరచిపోలేదురా అన్నాను. జపాను విమానాల మీద ఎర్రని సూర్యబింబం ఉండేది. గాలిలో ఎరుపు కనిపిస్తే సొంతవాళ్లే కాల్చే ప్రమాదముందని, ఈ రంగంలో బ్రిటిష్ గుర్తుల్లోంచి ఎరుపు తీసేసి నీలం ఛాయలు మాత్రమే ఉంచారు.

వాడు అంతటితో ఊరుకోలేదు.

"దీనికి మన ఊరి పేరెందుకు?"

"నిజాం నవాబు డబ్బిచ్చాడు గనక."

"ఆయనకెవరిచ్చారు?"

మిత్రులారా, ఈ నమూనా మొత్తంలో అసలు ప్రశ్న అదే. సర్కారు ఖజానా సొమ్మయినా, సర్ఫేఖాస్ సొమ్మయినా, చివరికి శిస్తు కట్టిన రైతుదే కదా. ఆ యుద్ధకాలంలోనే మన తెలంగాణ పల్లెల్లో వెట్టి నడిచింది, లెవీ ధాన్యం కొలిపించారు. 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. విమానం మీద ఉన్నది ఊరి పేరు, చిహ్నంలో ఉన్నది ప్రభువు తలపాగా. శిస్తు కట్టినవాడి గుర్తు ఎక్కడా లేదు. అట్లాగని హిట్లరును ఎదిరించి కూలిన ఆ కుర్రవాళ్ల త్యాగం చిన్నదీ కాదు. రెండూ నిజాలే. ఒకటి చెప్పి మరొకటి దాచితే అది సగం ఫైలే అవుతుంది.

మన పాతబస్తీలో పురానీ హవేలీకి వెళితే నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు ప్రదర్శనలో ఉంటాయి. వచ్చిన కానుకలు చూపేవారున్నారు. ఇచ్చిన కానుక సంగతి అడిగితే చెప్పేవారు అరుదు. అందుకే ఈ విమానం కింది చెక్కపీట మీద ఒక చీటీ అతికించాను. దళం సంఖ్య, సంవత్సరం, రంగం రాసి, చివర "హైదరాబాదు సంస్థానపు రైతుల సొమ్ము" అని చేర్చాను. రంగుల కన్నా ఆ ఒక్క పంక్తికే ఎక్కువ ఆలోచించాను.

చివరగా ఒక విన్నపం. మీ ఇళ్లలో, పెద్దల ట్రంకు పెట్టెల్లో, ఆ రోజుల నాటి శిస్తు రసీదులు, యుద్ధ చందా రసీదులు, ఉర్దూ కాగితాలు ఉండవచ్చు. చదవలేకపోయినా పారేయకండి. మనలో ఉర్దూ చదివే మిత్రులింకా ఉన్నారు. మనవలను పక్కన కూర్చోబెట్టుకొని చదివించుకోండి. వాళ్లడిగే ప్రశ్నలకు విసుక్కోకండి.

 విమానాన్ని వెనక బల్లమీద ఉంచుతాను. పిల్లలు ముట్టుకొని చూడవచ్చు, విరిగితే మళ్లీ అతికిస్తాను. సెలవు.