పండుటాకు వన్నె, లేజరు వెలుగు

ఆకు పండినప్పుడు పసుపువన్నె కొత్తగా వచ్చి చేరినదని మనమనుకుంటాము. నిజానికది తొలినుంచీ ఆకులో ఉన్నదే. పత్రహరితం క్షీణించగానే దాని చాటున దాగిన రంగు బయటపడుతున్నది. ఈ రంగుపదార్థాలకు కెరొటినాయిడ్లని పేరు. కారెట్ దుంపకు, టమాటో పండుకు వన్నె కూర్చేవి కూడా ఈ కుటుంబానికి చెందినవే.

పత్రహరితం సరిగా పట్టుకోలేని నీలాకుపచ్చ కాంతిని కెరొటినాయిడు అందుకొని, ఆ శక్తిని పత్రహరితానికి అప్పగిస్తుంది. ఈ అప్పగింతకు దానికున్న గడువెంత? సుమారు 100 నుంచి 200 ఫెమ్టోసెకన్లు. సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకను. స్టూడియో గడియారంలో సెకను ముల్లును చూస్తూ మాట్లాడే మావంటి వారికిది ఊహకందదు. ఫెమ్టోసెకను ఒక సెకనైతే, మన సెకను 3 కోట్ల సంవత్సరాలకు పైబడుతుంది!

ఇంతటి స్వల్పకాలాన్ని కొలిచే గడియారం లేదు. అందుచేత శాస్త్రజ్ఞులు కాలాన్ని దూరంగా మార్చి కొలుస్తారు. ఒక లేజరు మెరుపును రెండుగా చీలుస్తారు. మొదటిది కెరొటినాయిడును ఉద్రేకపరుస్తుంది. వెనుక వచ్చే రెండవది దాని స్థితిని పరీక్షిస్తుంది. రెండవ మెరుపు దారిలోని అద్దాన్ని మిల్లీమీటరులో వెయ్యోవంతులు పదిహేను వెనక్కు జరిపితే, కాంతి పోయిరావడానికి 100 ఫెమ్టోసెకన్లు ఆలస్యమవుతుంది. ఆ దూరం తల వెంట్రుక మందం కన్న తక్కువ. అద్దాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ పోతే అణువు కథ అంతా వరుసగా తెలుస్తుంది. ఈ విధంగా రసాయనిక చర్యలను పరిశీలించినందుకే అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ బహుమతి లభించింది.

గడువులోగా అప్పగించని శక్తి ఏమవుతుంది? కెరొటినాయిడు మరొక మెట్టు దిగుతుంది. అది చీకటి మెట్టు. కాంతిని గ్రహించి నేరుగా దానిపైకెక్కడం సాధ్యం కాదు. ఇటువంటి మెట్టొకటి ఉన్నదని హడ్సన్, కోలర్ 1972లో, కెరొటినాయిడ్ల వంటి గొలుసు నిర్మాణం గల అణువులో చూపారు. బీటా కెరొటిన్ అక్కడ నిలిచేది పదివేల ఫెమ్టోసెకన్లు మాత్రమే. ఆపైన శక్తి వేడిగా మారిపోతుంది. ఈ రెండు మెట్ల నడుమ మరొకటి కూడా కలదని 2002లో ఒక వాదం వచ్చింది. అందరూ ఒప్పుకోలేదు. ఇంత చిన్న వ్యవధిని గురించి ఇంత పెద్ద తగవు!

కాంతిని అందించడం ఒక్కటే దీని పని కాదు. 1955లో గ్రిఫిత్స్, స్టానియర్ ప్రభృతులు రంగు కెరొటినాయిడ్లు లోపించిన ఒక కిరణజన్య బాక్టీరియాను పరీక్షించారు. ప్రాణవాయువు లేనిచోట అది వెలుగులో చక్కగా పెరిగింది. వెలుగు, ప్రాణవాయువు రెండూ కలిసినచోట చచ్చిపోయింది. పత్రహరితంలో మిగిలిపోయిన శక్తి ప్రాణవాయువును విషప్రాయం చేస్తుంది. కెరొటినాయిడు అడ్డుపడి ఆ శక్తిని తాను మ్రింగుతుంది.

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆకు మిగులు కాంతిని ఈ కుటుంబపు రంగుల తోడ్పాటుతో వేడిగా విడిచిపెడుతుంది. అయితే మబ్బు కమ్మినా ఆ అలవాటును వెంటనే మానదు. కొన్ని నిమిషాల పాటు కావలసిన కాంతిని కూడా పారబోస్తూనే ఉంటుంది. రైతుకది నష్టమే. 2016లో అమెరికాలో పొగాకు మొక్కలలో మూడు జన్యువులను బలపరచి ఈ జాప్యాన్ని తగ్గించగా, పొలంలో మొక్కల ఎండు బరువు సుమారు 15 శాతం పెరిగింది. ఆ మిగులు శక్తిని కెరొటినాయిడు స్వయంగా మ్రింగుతున్నదా, లేక పత్రహరితం చేత ఆ పని చేయిస్తున్నదా? లేజరు మెరుపులతో ఇప్పుడు వెదుకుతున్నది దీనినే.