పట్నం రైలుకు సర్కారు సొమ్ము - మన బస్తీల లెక్క
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పట్నంలో తిరిగే రైలుకు సర్కారు సొమ్ము పెట్టవలెనా వద్దా అన్న విషయం గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరినారు. మేము ఇంజనీర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు కూడికలు, తీసివేతలు చెప్పుకునేవాళ్లం. కాబట్టి లెక్కల దారినే పోతాం.

ఈ నగరానికి లైట్ రైలు వేయాలన్న మాట 1990 దశకంలోనే నడిచింది గాని కాగితం దాటలేదు. తర్వాత మెట్రో మాట వచ్చింది. అప్పుడు చాలామందికి నచ్చిన వాదం ఒకటి ఉన్నది: ప్రైవేటువాడు పెట్టుబడి పెడతాడు, మన జేబులోంచి పైసా పోదు, ఇంకేం కావాలి? 2008లో మేటాస్ కంపెనీ ఇంకా ముందుకు పోయి, సర్కారు మాకు ఏమీ ఇవ్వనక్కరలేదు, మేమే 35 ఏళ్లలో 30,311 కోట్లు సర్కారుకు ఇస్తాం అన్నది. మా ఐదో తరగతి పిల్లవాడు కూడా అడుగుతాడు కదా, సార్, టికెట్లు అమ్మి అంత సొమ్ము ఎట్లా వస్తుందీ అని! ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారు అదే సంవత్సరం ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాసి, రైలు పేరు మీద భూముల వ్యాపారం జరుగుతుందని హెచ్చరించినారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డది. అదే ఏడు ఆ కాంట్రాక్టూ రద్దయింది.

2010లో ఎల్ అండ్ టి వారికి పని దక్కింది. అంచనా 12,132 కోట్లు. అందులో 1,458 కోట్లు, అనగా నూటికి పన్నెండు వంతులు, ప్రజాధనం నుంచి ఇవ్వడానికి ఒప్పందం. అదిగాక డిపోలకు, స్టేషన్ల పార్కింగుకు సుమారు 269 ఎకరాల జాగా, దాని మీద కట్టడాలు కట్టుకుని కిరాయికిచ్చే హక్కు. ఉత్త చేతులతో ఎవరూ రైలు కట్టరు. చివరకు 2025 సెప్టెంబరులో ఆ మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. సుమారు 13,000 కోట్ల అప్పు సర్కారు నెత్తిన, కంపెనీ వాటా కింద మరో 2,000 కోట్లు. ప్రజాధనం వద్దు వద్దు అన్నా, కడపట వచ్చి పడింది ప్రజల మీదనే.

ఇక మన సంగతి. మొదటి దశ 2017 నవంబరులో నడవడం మొదలైంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఇమ్లిబన్ దాకా వచ్చింది. అక్కడ మూసీ ఒడ్డున ఆగిపోయింది! ఒప్పందంలో ఉన్న ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు మాత్రం మిగిలిపోయినై. తప్పంతా అవతలివాళ్లదే అనడం న్యాయం కాదు. రూటు మార్చమని మన వైపు నుంచీ గట్టిగా అడిగినారు, ఏళ్లు గడిచిపోయినై. కాని లాభం లెక్క చూసుకునేవాడికి ఇరుకు బజారులో, అంత నష్టపరిహారం ఇచ్చి కట్టాలన్న తొందర ఎందుకుంటుంది? హైటెక్ సిటీకి ఉన్నంత తొందర శాలిబండకు ఉండదు. అందుకే మేమంటాం, ఇటువంటి ముక్కకు సర్కారు సొమ్ము తప్ప వేరే గతి లేదు.

ఎదుటి వాదం కూడా వినాలి, అది తేలికది కాదు. 2024లో సిద్ధం చేసిన రెండో దశ అంచనా 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లు. భాగిస్తే కిలోమీటరుకు దగ్గర దగ్గర 318 కోట్లు! ఆ సొమ్ముతో ఎన్ని బస్సులు రావు, ఎన్ని బడులు బాగుపడవు అని అడిగేవారున్నారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. మన ఇళ్ల ఆడపిల్లలు కాలేజీకి పోతున్నారంటే దానికీ అందులో భాగమున్నది. అదీ ప్రజాధనమే. 2003లో వచ్చిన ఎం.ఎం.టి.ఎస్. రైలూ అంతే. ఫలక్‌నుమా, ఉప్పుగూడ, యాకుత్‌పురా, దబీర్‌పురా స్టేషన్లలో ఐదు రూపాయల టికెట్టుతో ఎక్కినవాళ్లం మనం. కాని దూరపు రైళ్లు, గూడ్సు బండ్లు అదే పట్టాల మీద పోతాయి గనుక అది పది నిమిషాలకొకటి రాదు. బస్సేమో చార్మినార్ దగ్గర ఆటోల మధ్య ఇరుక్కుపోతుంది. పైన పోయే రైలుకు ఆ బాధ లేదు.

అయితే ఒక షరతు. సొమ్ము ప్రజలదైతే టికెట్టు ధర కూడా ప్రజలకు అందాలి. 2025 మే నెలలో మెట్రో ధరలు పెంచి గరిష్ఠం 75 రూపాయలు చేసినారు, గొడవ లేస్తే పదోవంతు తగ్గించినారు. లాడ్ బజారులో గాజుల దుకాణంలో రోజు కూలికి నిలబడేవాడు రానూ పోనూ అంత ఇచ్చుకుంటాడా? రెండో దశ సొమ్ములో రాష్ట్రం 30 వంతులు, కేంద్రం 18, అప్పు 48, ప్రైవేటు 4 అని ప్రణాళికలో రాసినారు. ఆ 48 వంతుల అప్పు టికెట్టులోంచి తీరుస్తారా, పన్నులోంచి తీరుస్తారా అన్నది మన నాయకులు ఇప్పుడే అడగాలి, రైలు వచ్చినాక కాదు.

2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర పునాదిరాయి వేసినారు. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా రోడ్డు వెడల్పు చేయాలి. గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం నిర్ణయించి 2025 జనవరి నుంచి చెక్కులు ఇవ్వడం మొదలుపెట్టినారు. ఇంటి యజమానికి చెక్కు వస్తుంది. మరి ముప్ఫై ఏళ్లుగా అదే మడిగెలో కిరాయికి టైలరు పని చేసుకునే మనిషికి? 2013 భూసేకరణ చట్టం ప్రకారం, మూడేళ్లకు ముందు నుంచి అక్కడే పని చేసుకుని బతుకుతూ ఆ బతుకుదెరువు పోయేవారిని కూడా బాధిత కుటుంబం కింద లెక్కించాలి. ఈ సంగతి మన కిరాయిదార్లలో చాలామందికి తెలియదు. కాబట్టి ఆ రోడ్డు మీద దుకాణమున్న ప్రతివారూ కిరాయి రసీదులు, కరెంటు బిల్లులు, మునిసిపాలిటీ లైసెన్సు జమచేసి పెట్టుకోవాలి. దరఖాస్తు రాయడం రానివారు ఆదివారం నాడు సంఘం ఆఫీసుకు కాగితాలు తీసుకుని రండి. తెలుగులోనైనా, ఉర్దూలోనైనా మేము కూర్చుని రాసిపెడతాం.