కాలిన గాయం: మొదటి ఇరవై నిమిషాలు, తర్వాతి ఆరు నెలలు

(షోలాపూర్ మిల్లు కార్మికుల కుటుంబ సదస్సులో సిరొంచ ప్రాంత ఆరోగ్య కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను సిరొంచ నుంచి వచ్చాను. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఇవతలి ఒడ్డు మాది, అవతలి ఒడ్డు కాళేశ్వరం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, కచేరీలో మరాఠీ కాగితం పట్టుకొని నిలబడతాం. ఆ విషయంలో షోలాపూర్ తెలుగువారికీ మాకూ పెద్ద తేడా లేదు. ఈ రోజు కాలిన గాయాల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు కోరారు.

నూలు ఏ రకమో తేల్చుకోవాలంటే మీరేం చేస్తారు? ఒక పోగు తీసి అగ్గిపుల్ల చూపిస్తారు. పత్తి అయితే కాగితం కాలిన వాసనతో మండి బూడిద అవుతుంది. పాలియెస్టర్ అయితే ముడుచుకొని, కరిగి, గట్టి పూస కడుతుంది. వేడి పూస వేలికి అంటుకుంటే ఎట్లా ఉంటుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ పోగు బదులు ఒంటికి చుట్టుకున్న చీరను తలచుకోండి. పత్తి చీర త్వరగా అంటుకుంటుంది. పాలియెస్టర్ చీర కరిగి చర్మానికి పట్టుకుంటుంది. కిందనున్న పొయ్యి దగ్గర వంగిన మనిషికి రెండూ ప్రమాదమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 1,80,000 మంది కాలిన గాయాలతో చనిపోతున్నారు. అందులో అత్యధికులు పేద, మధ్యాదాయ దేశాల వారే. మన దేశంలో ఏడాదికి 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలుతున్నారని అదే సంస్థ చెబుతోంది. మంటకు కులం, మతం లేవు గాని, పేద ఇల్లు దానికి దగ్గరి దారి.

మా వైపు మంట ఎక్కడెక్కడ ఉంటుందో చూడండి. మూడు రాళ్ళ పొయ్యి నేలమీదే ఉంటుంది, పాకే పిల్ల కూడా నేలమీదే ఉంటుంది. చలికాలం రాత్రి నెగడు వేసుకొని పిల్లల్ని దాని పక్కనే పడుకోబెడతారు. ఎండాకాలం ముందు ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఎండుటాకులు తగలబెడతారు. మిరపకాయ ఏరే కాలంలో కుటుంబాలకు కుటుంబాలు తెలంగాణ చేలకు వలసపోయి, గడ్డి గుడిసెల్లో వండుకుంటాయి. కరెంటు పోతే ఎక్కబుడ్డి వెలుగుతుంది. వీటిలో ఏదీ అజాగ్రత్త కాదు, బతుకు తీరు అది. కాబట్టి 'జాగ్రత్తగా ఉండండి' అని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు.

మా జిల్లాలో ఈ సంగతి యాభై ఏళ్ళ కిందటే తెలిసింది. 1973 డిసెంబరులో బాబా ఆమ్టే భామ్రాగడ్ అడవిలోని హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ ప్రారంభించారు. ఆయన కుమారుడు డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, కోడలు డాక్టర్ మందాకిని అక్కడే కాపురం పెట్టారు. అప్పటికి గడ్చిరోలి జిల్లాయే లేదు. చంద్రపూర్ నుంచి అది విడిపోయింది 1982లో. హేమల్‌కసాలో కరెంటు లేదు, వానాకాలం దారి లేదు. మాడియా గోండులు మొదట వాళ్ళను నమ్మలేదు, దగ్గరికి రాలేదు. అప్పుడు మూర్ఛరోగం ఉన్న ఒక పిల్లవాడిని తెచ్చారు. ఒళ్ళు 40 శాతం కాలిపోయి చావుకు దగ్గరైన పిల్లవాడు. అతడు కోలుకున్నాడు. ఆ కబురు గూడెం గూడేనికీ పాకి, జనం రావడం మొదలైంది. 2008లో ఆ దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

ఇందులో మనం గమనించవలసినవి రెండు. ఒకటి, 40 శాతం కాలిన ఒళ్ళు ఒక్క ఇంజక్షన్‌తో మానదు. వారాల తరబడి కట్టు మార్చే చేయి కావాలి. డాక్టర్లు అక్కడే ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది. రెండు, మూర్ఛ ఉన్నవారికి మందుబిళ్ళ రోజూ అందితే, వాళ్ళను ఒంటరిగా పొయ్యి దగ్గర వదలకుంటే, మంటలో పడే ప్రమాదమే చాలావరకు తప్పుతుంది.

ఇక ధర్మ ఆపరేషన్ల సంగతి. కాలిన గాయం మానేటప్పుడు చర్మం ముడుచుకొని బిగుసుకుంటుంది. గడ్డం రొమ్ముకు అతుక్కుంటుంది, మోచేయి చాపుకు రాదు, వేళ్ళు అరచేతిలో కలిసిపోతాయి. డాక్టర్లు దీన్ని కాంట్రాక్చర్ అంటారు. మగ్గం మీద పోగు ముడివేయలేని చేయి ఆ ఇంటికి ఎంత నష్టమో మీకు తెలుసు. సర్జన్ ఆ బిగువును కోసి విడదీసి, తొడ నుంచి పలుచగా తీసిన చర్మం అక్కడ అతుకుతాడు. ఇటువంటి పనికోసం అమెరికాలో డోనాల్డ్ లాబ్ అనే సర్జన్ 1969లో ఇంటర్‌ప్లాస్ట్ అనే సంస్థ పెట్టాడు. పేద దేశాలకు సర్జన్ల బృందాలను పంపి ఉచితంగా ఆపరేషన్లు చేయించింది ఆ సంస్థ. రాను రాను అదే సంస్థ, ఇప్పుడు రిసర్జ్ పేరుతో, ఆయా దేశాల స్థానిక డాక్టర్లకు శిక్షణ, సాయం ఇచ్చే పద్ధతికి మళ్ళింది.

ఎందుకు మళ్ళవలసి వచ్చింది? శిబిరం నాలుగు రోజుల్లో ముగుస్తుంది. అతికిన చర్మానికి మాత్రం ఆ తర్వాతే అసలు సేవ. కట్టు మార్చాలి, నెలల తరబడి బద్ద కట్టి ఉంచాలి, వ్యాయామం చేయించాలి. అది జరగకపోతే చేయి మళ్ళీ ముడుచుకుంటుంది. నేను దాన ధర్మాన్ని తక్కువ చేయడం లేదు. వచ్చి ఆపరేషన్ చేసిన చేతులకు దండం పెడతాను. కాని సర్జన్ వెళ్ళిపోయాక ఆ ఆరు నెలలు చూసేది ఎవరు? అది మన ఊరి నర్సు, ఆశా కార్యకర్త, ఇంటివాళ్ళు, సంఘం.

కాలినవారిలోంచే కాల్చిన గాయాల డాక్టరు వచ్చిన ఉదాహరణ కూడా ఉంది. బెంగుళూరుకు చెందిన ప్రేమా ధన్‌రాజ్‌కు ఎనిమిదేళ్ళప్పుడు స్టవ్ పేలి ముఖం, ఒళ్ళు కాలాయి. వేలూరు సీఎంసీలో చికిత్స పొందిన ఆమె, అదే ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి అధిపతి అయ్యారు. 1999లో అగ్ని రక్ష సంస్థ స్థాపించి ఉచిత ఆపరేషన్లతో పాటు నివారణ ప్రచారమూ చేపట్టారు. 2024లో పద్మశ్రీ వచ్చింది.

నివారణకు ఒక మంచి నమూనా శ్రీలంకలో ఉంది. అక్కడి సర్జన్ విజయ గోడకుంబుర సీసా దీపాలు దొర్లి పడి కాలినవారికి ఆపరేషన్లు చేసి చేసి, దీపాన్నే మార్చాలనుకున్నాడు. పొట్టిగా, బరువుగా, రెండు వైపులా చదునుగా ఉండే గాజుబుడ్డి, దానికి మరతో బిగించే లోహపు మూత తయారుచేయించాడు. పడినా దొర్లదు, నూనె ఒలకదు. 1998లో దానికి రోలెక్స్ అవార్డు వచ్చింది. సర్జన్ కత్తికంటే ఆ మూత ఎక్కువ మందిని కాపాడుతుంది.

స్టవ్ విషయంలో ఇంకొక మాట కూడా దాచకూడదు. 'స్టవ్ పేలింది' అని రాయించిన ప్రతి కేసూ ప్రమాదం కాదు. కట్నం మరణాలను ప్రత్యేక నేరంగా 1986లోనే చట్టంలో చేర్చారు. మన వాడలో కోడలు కాలితే, ఆమె మాట ఆమె నోటినుంచి వినే మనిషి పక్కన ఉండాలి.

ఇప్పుడు దూరం సంగతి. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్లు. వరంగల్ అంతకంటే దగ్గర. గోదావరిమీద వంతెన పడ్డాక అటు పోవడం సులువైంది. కాని మహారాష్ట్ర రేషన్ కార్డుకు తెలంగాణ ఆరోగ్యశ్రీ వర్తించదు. మహారాష్ట్ర పథకం 2012 జూలైలో మొదట 8 జిల్లాల్లో వచ్చింది. వాటిలో మా గడ్చిరోలి, మీ షోలాపూర్ రెండూ ఉన్నాయి. 2017 నుంచి అది మహాత్మా జ్యోతిరావు ఫూలే పేరుతో నడుస్తోంది. కాలిన గాయాల చికిత్స అందులో ఉంది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డుకైతే రాష్ట్రం దాటినా చెల్లుబాటు ఉంది. వలసపోయే ప్రతి కుటుంబం దాన్ని ముందే చేయించుకోవాలి. ఒళ్ళు కాలాక కాగితాలు వెతికే సమయం ఉండదు.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి? దయచేసి ఇవి ఇంట్లో అందరికీ చెప్పండి.

1. బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు. నేలమీద పడి దొర్లాలి, లేదా మందపాటి దుప్పటి కప్పి ఆర్పాలి. కరెంటు అయితే ముందు మెయిన్ ఆపాలి.

2. కాలినచోట మామూలు చల్లని నీళ్ళు 20 నిమిషాలు ధారగా పోయాలి. ఐసు వద్దు. మిగతా ఒళ్ళు చలి పట్టకుండా కప్పాలి.

3. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయాలి. చర్మానికి అంటుకున్న బట్టను లాగవద్దు.

4. సిరా, టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి, బూడిద, పేడ ఏదీ పూయవద్దు. ఉతికిన శుభ్రమైన గుడ్డ కప్పండి.

5. రోగి అరచేయి, వేళ్ళతో సహా, ఒళ్ళులో సుమారు ఒక శాతం. పెద్దలకు 20 అరచేతులు, పిల్లలకు 10 అరచేతులు దాటి కాలితే సెలైన్ ఎక్కించాలి. దూరం పోవలసివస్తే దగ్గరి ఆసుపత్రిలో సెలైన్ పెట్టించి బయలుదేరండి. ముఖం, చేతులు కాలినా, పొగ పీల్చినా ఆలస్యం చేయవద్దు.

6. మెడ కాలితే తలగడ పెట్టవద్దు. మోచేయి, వేళ్ళు చాచి ఉంచాలి. ముడుచుకుంటే నొప్పి తక్కువ అనిపిస్తుంది గాని, అలాగే బిగుసుకుపోతాయి.

మిల్లు లోపలి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. సైజింగులో ఆవిరి, అద్దకం తొట్లలో మరిగే నీళ్ళు, మోటారు చుట్టూ పేరుకున్న దూది. 2025 మే 18న ఈ ఊళ్ళోనే అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో తువాళ్ళ కర్మాగారం తగలబడి 8 మంది చనిపోయారు. కార్మికులతో పాటు యజమాని కూడా వారిలో ఉన్నాడు. మంటల భద్రత రెండు పక్షాలకూ ప్రాణావసరమని ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి సంఘం ముందు నాలుగు పనులు పెడుతున్నాను. ప్రతి షెడ్డులో పనిచేసే నీళ్ళ కుళాయి, దాని పక్కనే ఈ ఆరు సూత్రాలు తెలుగులో, మరాఠీలో రాసిన బోర్డు. బయటికి పోయే తలుపులకు పని వేళల్లో తాళం లేకుండా చూడడం, దూది రోజూ ఊడ్పించడం. ప్రతి వాడకూ కార్డులు చూసే ఒక బాధ్యుడు. కాలి ఇంటికి వచ్చిన మనిషి దగ్గరికి ఆరు నెలలపాటు వారానికొకసారి పోయి, బద్ద కట్టుకున్నాడా, చేయి చాపుతున్నాడా అని అడిగే ఇద్దరు సభ్యులు.

వీటిలో మొదటి పనికి ఖర్చు ఒక కుళాయి, ఒక డబ్బా రంగు. వచ్చే నెల కమిటీ సమావేశంలో ఎన్ని షెడ్లలో అయిందో లెక్క చెప్పుకుందాం.