సుద్దపొడిలో నిలిచిన ముఖములు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పుస్తకములను గూర్చి పెద్దలు చక్కగా సెలవిచ్చిరి. నేను సుద్దను గూర్చి నాలుగు మాటలు మనవిచేసెదను. సుద్ద యనగానే మనకు పలకమీది అక్షరములు జ్ఞప్తికి వచ్చును. చేయి తగిలినంతనే చెదరిపోవు ఆ పొడితోనే పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా చిత్రకారులు మనుష్యుల ముఖములను నిలిపిరి. ఆ విధానమునకు పాస్టెల్ అని పేరు.

రంగుపొడిని కొలదిపాటి జిగురుతో ముద్దచేసి కణికలుగా ఆరబెట్టుదురు. జిగురు హెచ్చినచో కణిక గీయదు. తగ్గినచో చేతిలోనే రాలిపోవును. కాగితమునకు గరుకు ఉండవలెను. పొడిని పట్టియుంచునది ఆ గరుకే. వెనీసు నగర వనిత రోసాల్బా కరియేరా 1720లో పారిసునకు పోయి ఈ విద్యతో ఆ నగరమును మెప్పించెను. ఆమె తరువాత మిక్కిలి పేరొందినవాడు మోరిస్ కాంతెన్ ద లాతూర్. ఇతడు 1704లో ఉత్తర ఫ్రాన్సునందలి సేంకాంతెన్ పట్టణమున జన్మించెను.

పెద్దచిత్రమునకు పూనుకొనక ముందు ఇతడు ముఖమును మాత్రము వేఱు కాగితముపై వ్రాసికొనెడివాడు. నల్లసుద్ద, ఎఱ్ఱసుద్ద, తెల్లసుద్ద, అక్కడక్కడ ఇంచుక రంగు, అంతే. మెడవద్ద గీత ఆగిపోవును. జుట్టునకు నాలుగు గీతలు చాలును. కన్నులును, పెదవుల కొనలును మాత్రము సంపూర్ణముగా నుండును. పట్టుబట్టలును నగలును తరువాతి సంగతి! పదునైదవ లూయీ రాజునకు ప్రియురాలగు పోంపదూరుయొక్క నిలువెత్తు చిత్రము 1755లో ప్రదర్శింపబడెను; అందును ముఖము వేఱుగా వ్రాసి అతికించినదే. అంతటివారికి గంటలకొలది కదలక కూర్చుండు తీరిక ఎక్కడిది? పూర్తియైన చిత్రములకంటె ఈ తొలిగీతలే నాకు సజీవములుగా తోచును. లాతూరు ముసలితనమున పూర్తియైనవానిని మరల మరల దిద్ది కొన్నింటిని చెఱచెను గదా!

ఇతడు 1782లో జన్మస్థలమున ఉచిత చిత్రలేఖన పాఠశాలను స్థాపించెను. 1788లో మరణించెను. ఆతని యింట మిగిలిన చిత్రములు సోదరుని మూలమున ఆ పట్టణమునకు సంక్రమించినవి. పాఠశాల ఖర్చులకై కొన్నింటిని పారిసులో అమ్మజూచిరి. అప్పటికి జనుల అభిరుచి మాఱుటచే తగిన ధర పలుకలేదు. కొనువారు లేకపోవుటయే ఊరి భాగ్యమైనది. చిత్రములు చెల్లాచెదరు కాలేదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, జర్మనులు వీనిని మోబోజు పట్టణమునకు తరలించిరి. కుదుపునకే రాలు పొడి. చుట్టును ఫిరంగుల మ్రోత! అయినను అవి నిలిచినవి. యుద్ధానంతరము పునర్నిర్మితమైన ఆంత్వాన్ లెక్యుయేర్ చిత్రశాలలో, సేంకాంతెన్ నందే, ఆ ముఖములు నేడు అద్దముల వెనుక, మందమగు వెలుతురులో చూపరులవంక చూచుచున్నవి.